తాళంచెవి ఉన్న గడి

ఎల్లినోర్ థ్రానె హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక ఇత్తడి రింగు ఉంది. ముప్ఫై నాలుగేళ్ల కిందట ఈ క్లిప్పెలీ హోటల్ నుంచే తీసుకెళ్లింది. దొంగతనమేమీ కాదు. భోజనాల బల్ల దగ్గర నాప్‌కిన్ చుట్టిపెట్టుకునే రింగు అది, పైన ఆమె పేరే చెక్కి ఉంది. ఎవరి రింగు వాళ్లు తీసుకెళ్లొచ్చు. కాకపోతే క్లిప్పెలీలో రింగు తీసుకెళ్లడమంటే ఇక ఈ గడప తొక్కనని చెప్పడం. నోటితో వేరే అనక్కర్లేదు. అలా చెప్పి వెళ్లిన మనిషి అరవై నాలుగేళ్ల వయసులో, జూలై మధ్యలో ఒక ఆదివారం నాడు, పెట్టె పట్టుకుని అదే గడప ముందు నిలబడింది. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్లాలో ఆమెకే తెలియదు.

హోటల్ ఏమీ మారలేదు. ఆ తెల్ల చెక్క గోడలే, సముద్రం వైపు ఆ అద్దాల వరండాయే, దాని కింద ఆ గ్రానైట్ బండలే. వందేళ్ల నాటి ఇల్లు ముప్ఫై ఏళ్లకే మారిపోవాలని ఎందుకు కోరుకోవాలి? మారింది మనుషులు. బల్ల దగ్గర కళ్లతోనే అందరినీ అదుపులో పెట్టే యజమానురాలు పెట్రెయా గారు పోయి పదేళ్లయింది. ఇప్పుడు అంతా ఆవిడ కూతురు వీబెకె చూసుకుంటోంది. అప్పట్లో వీబెకె ఎనిమిదేళ్ల పిల్ల, పొద్దస్తమానం వంటింట్లోనే ఉండేది.

"మా దగ్గరికి మొదటిసారా?" అంది వీబెకె, గది తాళం ఇస్తూ.

"ఊఁ" అంది ఎల్లినోర్. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"అయితే మీ సీటు బల్ల చివర, వంటింటి తలుపు పక్కన. కొత్తవాళ్లది అక్కడే. తలుపు టపటపా కొట్టుకుంటుంది, ఏమీ అనుకోకండి. మూడో ఏడు వస్తే రింగు ఇస్తాం, సీటు కూడా పైకి జరుగుతుంది."

"అంటే నా అరవై ఆరో ఏట."

"చాలామంది దానికోసమే బతుకుతున్నారండీ" అంది వీబెకె నవ్వకుండా. "ఇంకో మాట. భోజనాల గంట ఆ నిలువు గడియారం చూసే కొడతాం. అది ఏడు నిమిషాలు లేటు. బస్సుకి మాత్రం దాన్ని నమ్ముకోకండి. పొద్దుటి బస్సు ఎవరికోసమూ ఆగదు, బస్సు తప్పితే ఓడా తప్పినట్టే. ఆ గడియారం చూసుకుని బయల్దేరినవాళ్లెవరూ ఇంతవరకూ ఓడ ఎక్కలేదు."

ఆ సాయంత్రం భోజనాల హాల్లోకి ఎల్లినోర్ కాస్త ముందుగానే వెళ్లింది. వీబెకె అల్మారా డ్రాయరు లాగి రింగులు తీస్తోంది. డ్రాయర్లో ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఇరవై నాలుగు గడులు. అప్పట్లో ఏ గడి ఎవరిదో ఎల్లినోర్‌కి ఇప్పటికీ తెలుసు. మూడో వరసలో చివరిది తనది, దాని పక్కది భర్త ప్రేబెన్‌ది. వాళ్లాయన గడిలో ఇప్పుడు వేరెవరిదో రింగు ఉంది. తన గడిలో మాత్రం రింగు లేదు. ఒక పాత ఇనప తాళంచెవి పడుకుని ఉంది.

"అదేమిటి అక్కడ?"

"గడియారం తాళంచెవి. ఆ గడి దానిదే. నా చిన్నప్పట్నుంచీ అక్కడే ఉంది" అంటూ వీబెకె ఇంకో రింగు తీసింది. అందులో తెల్లటి నాప్‌కిన్ చుట్టి దూర్చి కిటికీ పక్క సీటు ముందు పెట్టింది, ఈ వారంలో రావాల్సినవాళ్లందరికీ పెట్టినట్టే. ఆ రింగు మీద అక్షరాలు ఎల్లినోర్ దూరం నుంచే చదివింది. ఎ. సోన్నె.

కుర్చీ వీపు పట్టుకుంది. రింగు ఉందంటే మనిషి ఉన్నాడు. నాప్‌కిన్ చుట్టారంటే వస్తున్నాడు. ఈ ఒక్క సంగతి తెలుసుకోడానికే ఓడెక్కి వచ్చింది. తెలిసింది కదా, ఇక ఇంటికెళ్లిపోవచ్చు కదా అంటే, అబ్బే. మనిషి ఆశకి అంతుంటుందా.

పెళ్లైన కొత్తలో ఎల్లినోర్, ప్రేబెన్ ఏడు వేసవులు వరసగా ఈ బోర్న్‌హోల్మ్ దీవికి వచ్చారు. ఏటా ఇదే వారం, ఇదే హోటల్. ప్రేబెన్‌కి ఓడెన్సెలో సైకిళ్ల దుకాణం. ఆమె అదే ఊళ్లో పెద్ద బట్టల కొట్లో గ్లవ్స్ అమ్మేది. చేతిని చూస్తే చాలు, సైజు చెప్పేసేది. ప్రేబెన్ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో మొగుణ్ణి చెడ్డవాణ్ణి చేస్తే అందరికీ సుఖంగా ఉంటుంది. ప్రేబెన్ గట్టిగా నవ్వేవాడు, బాగా తినేవాడు, భోజనమవగానే వరండాలో పేపరు మొహాన కప్పుకుని గంటసేపు నిద్రపోయేవాడు. ఎల్లినోర్‌ని పల్లెత్తు మాట అనలేదు. చచ్చిపోయేదాకా అనలేదు.

బల్ల దగ్గర వాళ్లకి ఎదురుగా ఆస్గెర్ సోన్నె కూర్చునేవాడు. గడియారాలవాడు. దీవిలోనే రొన్నె ఊళ్లో వాళ్ల నాన్న దుకాణం ఉండేది, తర్వాత అతనిదైంది. ఏటా ఈ వారం హాల్లో ఉన్న నిలువు గడియారం విప్పి నూనె వేయడానికి వచ్చేవాడు. దానికి బదులుగా నాలుగు రోజుల తిండీ పడకా. ఇత్తడి మీద పేర్లు చెక్కేదీ అతనే. మూడో వేసవిలో ఎల్లినోర్ దంపతులకి రింగులు వచ్చాయి. అందరి రింగుల మీదా ఇంటిపేరూ, దాని ముందు ఒక్క అక్షరమూ ఉంటాయి. ఎల్లినోర్ రింగు మీద మాత్రం ఇంటిపేరు లేదు. ఉత్త 'ఎల్లినోర్' అని ఉంది.

"ఏమిటోయ్, థ్రానెకి చోటు చాల్లేదా?" అని ప్రేబెన్ పగలబడి నవ్వాడు.

"చాల్లేదు" అన్నాడు ఆస్గెర్. పెట్రెయా గారు రింగుని వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూసి, ఏమీ అనకుండా డ్రాయర్లో పెట్టింది. ఆవిడ ఏమీ అనకపోవడమే పెద్ద మాట.

అంతకు మించి ఏం జరిగిందని అడిగితే, చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ప్రేబెన్ నిద్రపోయే ఆ గంటలో ఇద్దరూ బండల మీదుగా, చేపలకి పొగబెట్టే పొగగూటి దాకా నడిచి, అప్పుడే పొగబెట్టిన హెర్రింగ్ చేపలు రెండు కొనుక్కుని, కాగితం మీదే పెట్టుకుని తిని తిరిగొచ్చేవాళ్లు. అతని చేతుల సైజు ఎనిమిదిన్నర అని ఆమె చూడగానే చెప్పింది. చెవి పెట్టి గడియారం నాడి ఎలా చూడాలో అతను నేర్పాడు. ఏడాదికి నాలుగు గంటలు, ఏడేళ్లకి ఇరవై ఎనిమిది. ఆ ఇరవై ఎనిమిది గంటలూ ఆమెకి మిగతా బతుకంత బరువుగా ఉండేవి.

ఏడో వేసవి, వెళ్లిపోయే ముందురోజు, పొగగూటి వెనక బండ మీద అతను అన్నాడు. "నేనేమీ అడగను. సాయంత్రం రింగు డ్రాయర్లో వదిలెయ్యి, చాలు. ప్రేబెన్‌కి చెప్పడానికి నీకు ఏడాది ఉంటుంది. వచ్చే ఏడు నువ్వొక్కదానివే వస్తావు. రింగు తీసుకెళ్తే నాకు అర్థమవుతుంది. మాట అక్కర్లేదు."

ఆ సాయంత్రం పెట్రెయా గారు డ్రాయరు లాగి నిలబడింది. వెళ్లేవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి రింగులు వాటి గడుల్లో పెడుతున్నారు. ఎల్లినోర్ తన రింగుని, ప్రేబెన్ రింగుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని చప్పున మూసింది. ఆస్గెర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. వెళ్లొస్తానని కూడా అనలేదు. ఓడ మీద ప్రేబెన్ అడిగాడు, "రింగులెందుకు తెచ్చావు?" అని. ఇటలీ చూద్దామనుందని చెప్పింది. "ఇటలీలో పొగబెట్టిన హెర్రింగ్ దొరుకుతుందా?" అన్నాడు ప్రేబెన్ దిగులుగా. ఇటలీలో కూడా అదే అడిగాడు. తర్వాత ముప్ఫై ఏళ్లపాటు ఎక్కడికెళ్లినా అదే అడిగాడు. తన రింగుని దుకాణంలో నట్లు పోసుకోడానికి వాడుకున్నాడు. రెండేళ్ల కిందట చలికాలంలో పోయాడు.

ఆమె రింగు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. ఎన్నిసార్లు తోమిందో లెక్కలేదు.

ఇప్పుడు ఆమె కోరుకునేది ఒకే ఒక్కటి, వినడానికి చాలా చిన్నది. వాళ్ల దేశంలో తెలిసినవాళ్లు మళ్లీ కలిసినప్పుడు ముందుగా అనేది 'పోయినసారికి థాంక్స్' అని. కలిసి వారమైనా సరే, ఇరవై ఏళ్లయినా సరే. ఆ మాట అన్నారంటే, నువ్వు నాకు గుర్తున్నావు, మనం కలిసి కూర్చున్నది గుర్తుంది అని అర్థం. కొత్తవాళ్లకైతే చెయ్యి చాచి పేరు చెబుతారు, అంతే. క్లిప్పెలీలో ఆలస్యంగా వచ్చినవాళ్లు బల్ల చుట్టూ తిరిగి ఒక్కొక్కరికీ రెండింట్లో ఒకటి చెప్పాల్సిందే. ఆస్గెర్ తన దగ్గరికి వచ్చినప్పుడు ఏది చెబుతాడు? క్షమించమని అడగాలని లేదు, మళ్లీ మొదలుపెడదామన్న భ్రమ కూడా లేదు. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు. పడకపోతే ఆ ఇరవై ఎనిమిది గంటలూ తనొక్కతే కల గన్నట్టు.

"గురువారం వస్తాడు. ఎప్పుడూ గురువారమే" అంది ఇంగెలీస మేడమ్. వీబోర్గ్ ఊళ్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఇరవై రెండేళ్లుగా ఇక్కడికి వస్తోంది. సోమవారం మధ్యాహ్నం వరండాలో కాఫీ తాగుతూ అడక్కుండానే అందరి చిట్టా విప్పింది. "గడియారం విప్పుతాడు, నూనె వేస్తాడు, ఏడు నిమిషాలు అలాగే వదిలేసి ఆదివారం పోతాడు."

"బాగుచెయ్యడం రాదా?"

"రాకేం? నేనూ అడిగాను. పూర్తిగా బాగుచేస్తే మళ్లీ పిలవరు కదా అన్నాడు. మొండిఘటం."

"పెళ్లి..." ఎల్లినోర్ కప్పులోకి చూస్తూ అడిగింది.

"అయింది. నలభై ఐదో ఏట. నర్సు. చాలా మంచిదట. చూసిందెవరు? ఒక్కసారి కూడా ఇక్కడికి తీసుకురాలేదు. పాపం, పోయి ఆరేళ్లయింది."

"ఎందుకు తీసుకురాలేదో."

"ఇది నా పని జాగా అన్నాడు. నేను ముప్ఫై ఏళ్లు పిల్లల చేత నిజాలు చెప్పించాను. అబద్ధం చెవిన పడితే నాకు తెలిసిపోతుంది." ఇంగెలీస చంచాతో కప్పు మీద చిన్నగా కొట్టింది. "మొదటిసారి వచ్చాననే మీ మాట కూడా ఆ కోవలోదే."

ఎల్లినోర్ కప్పు కింద పెట్టేసింది.

"మీ గదికెళ్లే మెట్లలో నాలుగోది కిర్రుమంటుంది. నిన్న దాన్ని వదిలేసి ఐదో మెట్టు మీద కాలు పెట్టారు. కొత్తవాళ్లకి అదెలా తెలుస్తుంది?" అంది ఇంగెలీస. "సరే, నేనేం అడగను. కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

గురువారం వచ్చింది. ఎల్లినోర్ నీలం గౌను వేసుకుని, అరగంట ముందే వంటింటి తలుపు పక్కన కూర్చుంది. కిటికీ దగ్గర రింగు, నాప్‌కిన్ సిద్ధంగా ఉన్నాయి. సూప్ వచ్చింది, చేప వచ్చింది, ఎర్రపళ్ల పాయసం మీద మీగడ కూడా వచ్చింది. ఆస్గెర్ రాలేదు.

"ఫోన్ చేశాడు. మోకాలు పట్టేసిందట" అంది వీబెకె ప్లేట్లు తీస్తూ. "రేపు వస్తే వస్తాడు."

శుక్రవారమూ రాలేదు. రింగు మాత్రం రెండు పూటలా బల్ల మీదకి వచ్చి, డ్రాయర్లోకి పోయింది. ఆ మధ్యాహ్నం ఎల్లినోర్ పొగగూటి దాకా నడిచింది. బండలు అప్పటికన్నా ఏటవాలుగా అనిపించాయి. అంటే మోకాళ్లు ఆమెకీ ఉన్నాయి. ఒక్క హెర్రింగే కొనుక్కుంది. వేడి చేప నూనె వేళ్లకి అంటింది, ఉప్పూ పొగా నాలుక మీద అలాగే ఉన్నాయి. ప్రేబెన్ ఉంటే రెండు తినేవాడు కదా అనుకుంది. ఆస్గెర్ ఉంటే అనుకుంది. ఇద్దరూ ఒకేసారి జ్ఞాపకం వచ్చేసరికి ఆమెకి దుఃఖం ఆగలేదు. పక్క బండ మీద జర్మన్ టూరిస్టులు మొహాలు తిప్పుకున్నారు, మర్యాదస్తులు.

రొన్నెకి బస్సు గంటకొకటి. ఎక్కితే నలభై నిమిషాలు. అడ్రసు వీబెకెని అడిగితే చెబుతుంది. నేరుగా వెళ్లి తలుపు తట్టొచ్చు. ఎవరైనా అదే చేస్తారు. ఎల్లినోర్ మాత్రం రెండు బస్సులు ఎదురుగా పోతుంటే చూస్తూ కూర్చుంది. ముప్ఫై నాలుగేళ్ల కిందటా ఆమె జబ్బు ఇదే. ఎవరో ఒకరు ముందు కదిలితే తప్ప ఈమె కదలదు. రింగు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకోవడం కూడా కదలడం కాదు, కదలకుండా ఉండిపోవడమే. ఆ సంగతి ఆ బండ మీద కూర్చున్నప్పుడు మొదటిసారి ఆమెకే ఒప్పుకోవాలనిపించింది.

శనివారం. మర్నాడు పొద్దున బస్సు. పెట్టె సర్దేసింది. నీలం గౌను వేసుకోవాలనిపించలేదు. బూడిద రంగు స్వెట్టర్‌తోనే కిందికి దిగింది. గంట కొట్టారు, ఏడు నిమిషాలు లేటుగా. అందరూ కూర్చున్నారు. వీబెకె సూప్ గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వస్తుండగా వీధి తలుపు తెరుచుకుంది. చేతికర్ర చప్పుడు వినిపించింది.

ఆస్గెర్ సోన్నె సన్నబడ్డాడు, కొంచెం వంగాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. డెబ్బై ఒకటి కదా. కానీ తల పక్కకి వంచి గడియారం వైపు ఒక చెవి పెట్టడం అలాగే ఉంది. ముందు గడియారాన్ని విన్నాకే మనుషుల వైపు తిరిగాడు.

బల్ల పైభాగం నుంచి మొదలుపెట్టాడు. "పోయినసారికి థాంక్స్, ఇంగెలీస."

"మీకూ. రెండు రోజులు ఎగ్గొట్టారు. మేమంతా మీ కర్ర గురించి బెంగపెట్టుకున్నాం."

"కర్ర బాగానే ఉంది. నేనే కొంచెం..." తర్వాతి కుర్చీ. "పోయినసారికి థాంక్స్." ఆ తర్వాతి కుర్చీ. "పోయినసారికి థాంక్స్." ఎవరో మోకాలి గురించి అడిగారు, ఎవరో మనవరాలి గురించి చెప్పారు. కర్ర చప్పుడు ఒక్కొక్క కుర్చీ దాటుకుంటూ దగ్గరికి వస్తోంది. ఎల్లినోర్ నాప్‌కిన్‌ని ఒళ్లో మడిచి విప్పి మళ్లీ మడిచింది. కొత్తవాళ్ల నాప్‌కిన్‌కి రింగు ఉండదు, గది నంబరు రాసిన కాగితపు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ ఆమె చేతిలో చిరిగిపోయింది.

ఆమె దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాచాడు. ఆమె లేచి నిలబడింది. అతను ఆమె మొహంలోకి చూశాడు, మర్యాదగా, కావలసినంతసేపే.

"ఆస్గెర్ సోన్నె" అన్నాడు.

చెయ్యి అదే. బొటనవేలి మీద రంపం గీసిన మచ్చ ఉంది. కణుపులు లావెక్కాయి, ఇప్పుడు తొమ్మిది పడుతుంది.

"ఎల్లినోర్ థ్రానె" అంది చివరికి.

"సంతోషమండీ. ఇల్లు నచ్చిందనుకుంటాను" అని తన కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ పూట ఏం తిన్నదో ఎల్లినోర్‌ని అడిగితే చెప్పలేకపోయేది. వంటింటి తలుపు ఆమె వీపు వెనక కొట్టుకుంటూనే ఉంది. గ్లాసులెత్తి ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకుని తాగే వేళకి, ఆమె బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. అతను కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ తాగాడు. అతనికి నిజంగానే గుర్తులేదు. ఉండాలని ఎక్కడుంది? గడియారాలవాడి బతుకులోకి ఎన్ని వేసవులు వచ్చి పోయి ఉంటాయి, ఎన్ని రింగుల మీద ఎన్ని పేర్లు చెక్కి ఉంటాడు. ఆమెకి ఏడవాలనిపించలేదు. సిగ్గనిపించింది. అరవై నాలుగేళ్ల మనిషి పదిహేడేళ్ల పిల్లలా నీలం గౌను పెట్టెలో పెట్టుకుని వచ్చినందుకు సిగ్గు.

భోజనానికి థాంక్స్ అని అందరూ కలిసి అన్నారు, లేచారు. వీబెకె అల్మారా దగ్గర నిలబడి డ్రాయరు లాగింది. రేపు వెళ్లేవాళ్లు వరస కట్టారు. వచ్చే ఏడు వస్తాం, మాకు అదే గది ఉంచండి, అంటూ ఒక్కొక్కరే రింగులు గడుల్లో పెడుతున్నారు. కొత్తవాళ్లకి అక్కడ పనేమీ లేదు. ఎల్లినోర్ మెట్ల వైపు నాలుగడుగులు వేసింది.

అక్కడ ఆగింది. అతనికి గుర్తుంటే ఏం, లేకపోతే ఏం? ఆ సాయంత్రం తను పెట్టాల్సిన రింగు ఇంకా తన దగ్గరే ఉంది. అతను అడిగినందుకు కాదు. పెట్టాలని ఆ రోజు తనకి ఉంది. ఉండీ పెట్టలేదు. ఎవరూ పిలవకపోయినా, ఎవరూ చూడకపోయినా, ఆ పని మిగిలిపోయింది.

ఆమె వెనక్కి తిరిగి వరసలో చివర నిలబడింది. ఇంగెలీస గుమ్మంలో ఆగిపోయి చూస్తూ నిలబడింది.

"మీకు రింగు లేదు కదండీ" అంది వీబెకె మెల్లిగా. ఎల్లినోర్ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి రింగు తీసి ఆమె అరచేతిలో పెట్టింది. వీబెకె దాన్ని దీపం వైపు తిప్పి చదివింది. పేరు చూసింది, ఎల్లినోర్ మొహం చూసింది, మళ్లీ పేరు చూసింది.

"ఇది మా ఇంటి రింగే."

"మూడో వరస చివరిది" అంది ఎల్లినోర్. "నేను తీసుకెళ్లిపోయాను. మీ అమ్మగారి కళ్ల ముందే. ఇప్పుడు పెట్టేద్దామని వచ్చాను. ఆలస్యమైంది."

"కానీ అందులో తాళంచెవి..." అంది వీబెకె. కర్ర చప్పుడు వినిపించింది. ఆస్గెర్ అల్మారా దాకా వచ్చి, డ్రాయర్లోకి చెయ్యి పెట్టి, మూడో వరస చివరి గడిలోంచి తాళంచెవి తీశాడు. దాని కింద గుడ్డ మిగతాచోట్ల కన్నా పచ్చగా ఉంది, తాళంచెవి ఆకారంలో.

"ఇది ఇక్కడ ఎవరు పెట్టారని మీ అమ్మ నన్ను రెండేళ్లు సతాయించింది" అన్నాడు వీబెకెతో. "తీసేసి వేరేవాళ్లకి గడి ఇస్తానంది. ఇస్తే గడియారం ముట్టుకోనన్నాను. పాపం ఊరుకుంది." తాళంచెవిని కోటు జేబులో వేసుకున్నాడు. "ఊఁ. ఇప్పుడు ఖాళీయే. పెట్టండి."

ఎల్లినోర్ రింగు పెట్టింది. అది గడి అంచుకి తగిలి టింగుమంది.

"నన్ను గుర్తుపట్టారా?"

"గుమ్మంలోనే."

"మరి పేరు చెప్పారు. కొత్తవాళ్లకి చెప్పినట్టు."

"రింగు తీసుకెళ్లినవాళ్లు ఈ ఇంట్లో కొత్తవాళ్లే" అన్నాడు ఆస్గెర్. "పద్ధతి పెట్రెయాది, నాది కాదు." కర్ర మీద బరువు వేశాడు. "పద్ధతి మీద నెట్టేస్తున్నాను. ఒళ్లు మండింది. ముప్ఫై నాలుగేళ్లు మండింది. తలుపు తీసేసరికి అక్కడ కూర్చుని ఉన్నారు, వంటింటి తలుపు పక్కన, స్వెట్టర్ వేసుకుని. ఏం చెప్పాలో తెలియలేదు. అందుకని పేరు చెప్పాను."

వీబెకె డ్రాయరు మూయడం మర్చిపోయింది.

ఆస్గెర్ కర్రని ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. కుడి చెయ్యి ఆ పూట రెండోసారి ఆమె ముందుకి చాచాడు.

"పోయినసారికి థాంక్స్, ఎల్లినోర్."

పోయినసారి ఆమె చేసిందల్లా అతని వైపు చూడకుండా బ్యాగు మూసుకోవడం. దానికి థాంక్స్ అనేవాడు లోకంలో ఉంటాడా? ఉన్నాడు, ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమెకి కళ్లనిండా నీళ్లొచ్చాయి. తుడుచుకోలేదు, ఎందుకంటే రెండు చేతులూ అతని చెయ్యి పట్టుకుని ఉన్నాయి.

"మీకూ" అంది. ఆ మాటకి జవాబు అదే, ఇంకేమీ లేదు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన జవాబు.

చాలాసేపటికి వీబెకె డ్రాయరు మూసింది. ఇంగెలీస గట్టిగా ముక్కు చీదుకుని, కాఫీ ఎవరికైనా కావాలా అని వరండాలో వాళ్లని కేకేసింది. ఆస్గెర్ జేబులో తాళంచెవి తడుముకున్నాడు.

"ఇక మీరు ఇంటికెళ్లాక ఏడాది దాకా..." అన్నాడు. డెబ్బై ఒకటో ఏట ఏడాది దాకా అనే మాట ఎవరికైనా గొంతులో ఆగుతుంది. "పొద్దున ఎన్నింటికి బస్సు?"

"ఏడింటికి."

ఎల్లినోర్ చేతి గడియారం చూసుకుంది. దాని పట్టీ విప్పింది. హ్యాండ్‌బ్యాగ్‌లో రింగు ఉండే జేబు ఇప్పుడు ఖాళీగా ఉంది కదా, అందులో వేసి బ్యాగు మూసింది. హాల్లో నిలువు గడియారం వైపు తిరిగింది.

"ఇది చూసుకునే బయల్దేరతాను" అంది.

"ఇది చూసుకుని బయల్దేరితే ఓడ తప్పిపోతుంది" అన్నాడు ఆస్గెర్.

"తెలుసు" అంది ఎల్లినోర్.